చంద్రయానమును మన పడమటి సీమయు

శోభకృన్నామ సంవత్సర నిజశ్రావణ శుద్ధ సప్తమీ బుధవారమునాడు, అనగా 2023 ఆగష్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిముసములకు, భారతదేశమువారు పంపిన విక్రమ యంత్రము చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున నిలుకడగా దిగినది. సోవియట్ రష్యా, అమెరికా, చైనాల తరువాత చంద్రునిపై యంత్రమును నెమ్మదిగా దింపగలిగిన నాలుగవ దేశము మనది. దక్షిణధ్రువమున కంత చేరువలో దింపిన మొదటి దేశమును మనదే. ఆ దినమునకు పిమ్మట వత్సరములు గడచినవి. ఆగష్టు 23 జాతీయ అంతరిక్ష దినముగా ప్రకటింపబడినది. సభలు జరుగుచున్నవి, పొగడ్తలు వినవచ్చుచున్నవి. అయినను ఆ సాయంకాలము సామాన్యజనులలో గలిగిన సంచలన మెట్టిదో, దానివలన మార్కాపురము గిద్దలూరు ప్రాంతములకు మిగిలిన దేమో, తగినంత విచారణ జరుగలేదని మేము తలంచుచున్నాము.

ఆ సంచలనము నిజమైనది. ఎన్నికల సభలకు లారీలపై తోలుకొనివచ్చిన గుంపు వంటిది కాదు. ఇస్రోవారి ప్రసారమును యూట్యూబునందు ఏకకాలమున 80 లక్షలకు మించినవారు చూచుచుండిరి. దూరదర్శనమునను ఇతర టెలివిజనులలోను చూచినవారు వేఱు. ఆ గంటసేపు పాఠశాలలు తెఱచియుంచి బాలబాలికలకు ఆ దృశ్యమును జూపవలసినదని కేంద్ర విద్యాశాఖ సూచించియుండెను. మార్కాపురమునుండి గిద్దలూరు వఱకు, ఎఱ్ఱగొండపాలెమునుండి కంభము వఱకు, టీ బంకులయొద్ద, బస్సుస్టాండులలో, పలకల కార్ఖానాల ముంగిళ్ళలో, సెల్లుఫోను గలవాని చుట్టు లేనివారు మూగిరి. ఏ కులమువాడు, ఏ కక్షివాడు అని యడుగువారు లేని గంట మన ప్రాంతమున తఱచుగా రాదు. అట్టి గంట యొకటి వచ్చినది.

ఆ జనులు చూచిన దేమి? చంద్రుని చూడలేదు. విక్రమ యంత్రమునైనను చూడలేదు. అది దిగుచుండగా ప్రక్కన నిలిచి చిత్రము తీయువా డచ్చట నెవడును లేడు. బెంగుళూరులోని నియంత్రణశాలయందు పెద్ద తెరపై ఒక వంపుగీత, ఆ గీతవెంబడి జరుగుచున్న యొక చుక్క, ప్రక్కన క్షణక్షణము తరుగుచున్న అంకెలు, నడుమ నడుమ ఊహించి గీసిన బొమ్మ యొకటి, ఇంతియే వారికి కానవచ్చినది. ఆ అంకెలలో ఒకటి ఎత్తు, ఒకటి వేగము. 30 కిలోమీటర్ల ఎత్తున సెకండునకు 1.68 కిలోమీటర్ల వేగమున పోవుచున్న యంత్రమును పందొమ్మిది నిముసములలో నిలువరించి, కాళ్ళు విఱుగకుండ నేలకు దింపవలెను. చంద్రునిపై గాలి లేదు గావున పారాచూటు పనికిరాదు. పోవుచున్న దిక్కునకే ఇంజనులను మండించి వేగమును చంపుకొనవలసినదే. మొదటి 690 సెకండులలో అది 7.4 కిలోమీటర్ల ఎత్తునకు దిగి వేగమును సెకండునకు 358 మీటర్లకు తగ్గించుకొనవలెనని లెక్క. ఆ పిదప తల నిలువుగా త్రిప్పుకొని, 150 మీటర్ల ఎత్తున క్షణకాల మాగి, క్రింద గుంటలు రాళ్ళు గలవో లేవో తన కెమెరాలతో తానే చూచుకొని, తావు తానే యెన్నుకొని దిగవలెను. 3,84,000 కిలోమీటర్ల దూరమునకు వార్త పోయి మఱలివచ్చుటకే రెండున్నర సెకండులకు పైబడును. బెంగుళూరునుండి పగ్గములు పట్టి నడుపుటకు వీలులేదు. శాస్త్రజ్ఞులును ఆ గంటలో ప్రేక్షకులే. వారు నెలలతరబడి, ఏండ్లతరబడి చేసిన లెక్క వారి కన్నులయెదుట తనంతట తాను తాళె చూచుకొనుచుండెను.

కోట్లకొలది ప్రజ ఊపిరి బిగబట్టి చూచినది ఒక లెక్క! ఈ విషయము మా కత్యంతము ఆశ్చర్యమును ఆనందమును గలిగించినది. గణితమనిన భయపడి బడి మానినవారును ఆ సాయంకాలము ఒక గణితము తాళెపడుటకై దేవునికి మ్రొక్కుకొనిరి.

వారి భయమునకు కారణము లేకపోలేదు. 2019 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవాఱుజామున నిట్లే ప్రజలు మేలుకొని చూచుచుండగా, చంద్రయానము రెండవదానియందలి విక్రమ యంత్రము సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తువఱకు గీతవెంబడి వచ్చి, ఆ పిమ్మట చుక్క గీతను విడిచినది. శాలయందు మౌనము. దేశమున కన్నీరు. 2023లో మనవారు దిగుటకు నాలుగు దినములముందు, ఆగష్టు 19వ తేదీన, రష్యావారి లూనా-25 చంద్రుని తాకి ముక్కలైనది. మొట్టమొదట చంద్రునిపై యంత్రమును నెమ్మదిగా దింపిన దేశమునకే యిట్లు జరిగినది. కావున ఆ దినమున గీతపై చుక్క నిలిచిన ప్రతి సెకండును మనకొక గెలుపుగా తోచినది.

ఇచ్చట నొక ప్రసంగాంతరము. చంద్రుడు గ్రహమా యని కొందఱు విద్యార్థులు అడుగుదురు. నేటి ఖగోళశాస్త్రము ప్రకారము కాడు, భూమికి ఉపగ్రహము. మన పంచాంగకర్తల లెక్కలో నవగ్రహములలో నొకడు. మఱియొక గ్రహమగు అంగారకునిపై అమెరికావారు 2021 ఫిబ్రవరి 18వ తేదీన పర్సెవరెన్సు యంత్రమును దింపినపుడు, అచ్చటినుండి వార్త వచ్చుటకు పదునొకండు నిముసములు పట్టినది. చూచువారు ఊపిరి బిగబట్టిన సమయమునకు అచ్చట జరుగవలసినది జరిగియే పోయినది. మన దేశమున మంగళదోషమని పిల్లల పెండ్లిండ్లు చెడగొట్టు పెద్దలు, 2014 సెప్టెంబరు 24వ తేదీన మన మంగళయానము ఆ కుజుని చుట్టు తిరుగ నారంభించినదని విని చప్పట్లు కొట్టిరి. ఆ రెండును ఒకే చేతులు! చప్పట్లు కొట్టినంతనే తెలివి చేతికి రాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

విద్య విషయమును గొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. తెలుగువారికి పలక యనగా మార్కాపురము. నల్లమల పాదమున పొరలు పొరలుగా నున్న ఈ నల్లని రాయి నూఱు కోట్ల సంవత్సరములకు మించిన వయస్సు గలది. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలను మన కంభము పేరనే వ్యవహరింతురు. తెలుగుదేశమున కొన్ని తరములవారు ఓనమాలు దిద్దినది ఈ రాతిపైననే. నోటుపుస్తకమును ప్లాస్టికు పలకయు వచ్చి చదువుపలకను మూలకు నెట్టినవి. నేడా రాయి గోడలకును నేలలకును పఱచు బిళ్ళలై విదేశముల కేగుచున్నది. దేశమునకు లెక్కలు నేర్పిన పలకను గన్న ఊరిలో, ఆ సాయంకాలము తెరపై జరిగిన లెక్కను పిల్లలకు విప్పిచెప్పిన బడు లెన్ని?

ఒక్క యుదాహరణము చాలును. దిగుటకు సప్తమి యేల వచ్చినది? ఇది ముహూర్తబలము గాదు. విక్రమ యంత్రము సూర్యకాంతిచే పనిచేయునది. రాత్రి చలికి తాళునది కాదు. చంద్రునిపై ఒక పగలు మనకు రమారమి పదునాలుగు దినములు. కావున దిగుతావున తెల్లవాఱిన వెంటనే దిగినయెడల పగలంతయు పని జరుగును. ఆ తావున తెల్లవాఱు సమయము శుక్లపక్షమున సప్తమికి సమీపించి వచ్చును. 2019 నాటి ప్రయత్నమును శుక్లపక్షపు నడిమి దినములలోనే జరిగియుండుట గమనింపదగినది. తిథి యనగా చంద్రునిపై ఎండ ఎంతవఱకు పాఱినదో చెప్పు కొలతయే గదా! పంచాంగము చూడ నేర్చిన తాతకును, బడికేగు మనుమనికిని ఏకకాలమున బోధపడు విషయమిది. ఆ సాయంకాలము ప్రొద్దుగ్రుంకిన పిదప మబ్బులేని చోటులనెల్ల సగము చంద్రుడు నైరృతిదిక్కున కానవచ్చుచుండెను. విక్రముడు నిలిచిన తావు ఆ వెలుగుసగములోనే, అడుగుభాగమున, చీకటి యంచునకు చేరువగా నుండెను. పిల్లలను తెరముందునుండి లేపి, బడి ఆవరణములోనికి దెచ్చి, అదిగో అచ్చటనని వేలెత్తి చూపిన యుపాధ్యాయులు గలరేని వారికి మా నమస్కారములు. తెర యారినంతనే పిల్లల నిండ్లకు పంపినవారు ఆ దినమున సగము పాఠమే చెప్పిరి.

ఆకాశమును చూచుట మన నేలకు క్రొత్తగాదు. 1868 ఆగష్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమునాడు ఫ్రాన్సుదేశపు జాన్సెను పండితుడు గుంటూరున యంత్రములు నిలిపి సూర్యుని యంచుననున్న జ్వాలల కాంతిని పరీక్షించెను. అదే గ్రహణమును మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తినుండి పరిశీలించెను. గుంటూరునకు గాని వనపర్తికి గాని మన నల్లమల యెంత దూరము? పెద్ద పట్టణముల దీపకాంతి సోకని యాకాశము గిద్దలూరు చుట్టుపట్టుల పల్లెలకు మిగిలియున్న యాస్తి. ఒక చిన్న దూరదర్శకయంత్రము ప్రతి ఉన్నతపాఠశాలకు ఇచ్చుట ప్రభుత్వమునకు భారము కాదు. ఊరి ధనికులకును భారము కాదు. కళ్యాణమండపములకు విరాళములిచ్చు చేతులు దీనికిని చాపబడవలెను.

ఇక ఆ దినముననే మన ప్రాంతమున వినవచ్చిన యాక్షేపణకు వత్తుము. 'మా బోరు వెయ్యి అడుగులు దిగినను తడి తగులదు, వీరు చంద్రునిమీద నీళ్ళు వెదుక బోయినారు' అనునది. దీనిని ఎగతాళి యని త్రోసివేయ మేము సిద్ధముగా లేము. ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు గారపట్టి, నడుములు వంగినవారి నోటినుండి వచ్చిన మాట యిది. ప్రతి వేసవిలో ట్యాంకరు బండికై బిందెలు వరుసగా పేర్చి కూర్చుండు తల్లుల మాట యిది. కఱవు కాలమున మిరప కోతలకు గుంటూరు సీమకును, కట్టడపు పనులకు హైదరాబాదు బెంగుళూరులకును మూటముల్లె గట్టుకొని పోవు కుటుంబముల మాట యిది. మఱియు చంద్రునిపై నీటిమాట కల్లయు గాదు. 2008 అక్టోబరు 22వ తేదీన బయలుదేరిన మన మొదటి చంద్రయానముపై నమర్చిన పరికరములే చంద్రుని నేలలో నీటి జాడలను చూపినవి. 2009 సెప్టెంబరున ఆ సంగతి లోకమునకు వెల్లడియైనది. ధ్రువముల చెంత, ఎండ సోకని గుంటలలో మంచు గలదను ఆశయే దేశములన్నిటిని దక్షిణధ్రువమునకు లాగుచున్నది.

కాని యా యాక్షేపణ పుట్టిన బాధ న్యాయమైనదే యైనను, దాని గుఱి తప్పినది. చంద్రయానము మూడవదానికి సుమారు 615 కోట్ల రూపాయలు వ్యయమైనదని పత్రికలు వ్రాసినవి. వెలిగొండకు వ్యయమైనది వేల కోట్లు. చంద్రునికి పోయిన సొమ్మువలన మన చేలు ఎండలేదు. ధనము గలదు, శాస్త్రము గలదు, పనివారు గలరు. లేనిదేదో వెదకవలెను. ఆ వెదకులాటలో మనకు చంద్రయానము శత్రువు గాదు, సాక్షి.

2019లో చెడిపోయిన పిదప ఇస్రోవా రేమి చేసిరో చూడుడు. చెడుటకు కారణములను వెదకి, అప్పటి అధ్యక్షుడు సోమనాథు 2023లో బహిరంగముగా చెప్పెను. ఇంజనులు అనుకొన్నదానికంటె నెక్కువ బలమునిచ్చినవి. చిత్రములు తీయుటకై యంత్రము కదలక నిలువవలసిన వేళలో తప్పులు కూడుకొనినవి. దిగుటకు నియమించిన తావు 500 మీటర్ల చదరము మాత్రమే యైనందున, దానిని చేరుటకై యంత్రము వేగము పెంచుకొనుచు తల త్రిప్పుకొన జూచినది, అంత త్వరగా త్రిప్పుకొనుట కనుమతి దాని బుద్ధిలో వ్రాయబడి యుండలేదు. ఇవి యన్నియు నొప్పుకొని, తావును 4 కిలోమీటర్ల పొడవు 2.4 కిలోమీటర్ల వెడల్పునకు పెంచిరి. కాళ్ళను బలపఱచిరి. ఇంధనము నెక్కువ నింపిరి. అయిదవ ఇంజనును తీసివేసిరి. వేగమును తిన్నగా కొలుచు లేసరు పరికరమును చేర్చిరి. ఏది యెట్లు నెగ్గునని గాక, ఏది యెట్లు చెడునని తలపోసి యంత్రమును గట్టిరి. ప్రాజెక్టు సంచాలకుడు వీరముత్తువేలు, సహసంచాలకురాలు కల్పన మొదలైనవారు నాలుగేండ్లు ఆ యొక్క యపజయముతోనే కాపురము చేసిరి.

దీనిని ప్రక్కనుంచుకొని వెలిగొండ చరిత్రమును చదువవలెను. శ్రీశైలపు ఆనకట్టకు ఎగువదిక్కున కొల్లంవాగునుండి వఱదనీటిని జంట సొరంగములద్వారా నల్లమల క్రిందుగా దెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు అడ్డకట్టలు వేసి నల్లమలసాగరమున నింపుట సంకల్పము. నలుబదియైదు దినములలో 43.5 టీఎంసీల నీరు, 4,47,300 ఎకరములకు సాగు, 15.25 లక్షల జనమునకు త్రాగునీరు. 1996 మార్చి 5వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఎనిమిదేండ్లు శంకుస్థాపనశిల యొక్కటియే కానవచ్చినది. 2004 తరువాత పనులు నడిచినవి. రెండు సొరంగములును ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవు. మొదటిది 7 మీటర్ల వ్యాసము, రెండవది 9.2 మీటర్లు. పులులు తిరుగు అభయారణ్యము క్రిందుగా, నడుమ పైనుండి బావి దింపుట కవకాశము లేక, కొసలనుండియే త్రవ్వవలసిన సొరంగములు. వానిని త్రవ్విన యింజనీర్లను కూలీలను మేము ఇస్రోవారికంటె తక్కువగా నెంచము. కొండలోపలి రాయి చంద్రుని నేలకంటె మెత్తనిది గాదు. 2024 మార్చి 6వ తేదీన ఆ సొరంగములు జాతి కంకితము చేయబడినవి. సభ జరిగినది, దండలు పడినవి. ఆ నాటికి ముంపుగ్రామములవారికి పునరావాసము పూర్తికాలేదు, కాలువల పనులు పూర్తికాలేదు. నీరు రాలేదు.

శంకుస్థాపనకును సొరంగముల యంకితమునకును నడుమ ఇరువదియెనిమిదేండ్లు. ఆ కాలములోనే దేశము మూడు పర్యాయములు చంద్రునికేగినది, ఒక పర్యాయము కుజునికేగినది. ఈ ఇరువదియెనిమిదేండ్లలో ఎన్ని గడువులు తప్పినవో, ఏ గడువు ఏ కారణమున తప్పినదో, ఏ ప్రభుత్వమైనను ప్రజలకు అచ్చమైన తెలుగున అచ్చొత్తించి చెప్పినదా? ప్రభుత్వము మాఱినపుడెల్ల క్రొత్త తేదీ వచ్చును. పాత తేదీ ఏమైనదని అడిగినవాడు ప్రతిపక్షమువా డగును. ఇస్రోవారి చుక్క గీత తప్పిన క్షణము దేశమంతయు చూచినది. వెలిగొండకు గీతయే లేదు, చుక్క తప్పినట్లు తెలియుటెట్లు?

మన పూర్వులు లెక్క యెఱుగనివారు కారు. గుండ్లకమ్మకు రెండుకొండల నడుమ అడ్డకట్ట వేసిన కంభము చెఱువు విజయనగరరాజుల కాలపుది; గజపతుల యాడపడుచు వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. ఏ సెల్లుఫోనునను దాని ప్రసారము లేకున్నను, వానలు గలిగిన యేట నేటికిని అది మడులు తడుపుచున్నది.

ముంపుగ్రామముల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. చంద్రయానము బయలుదేరిన శ్రీహరికోట, పులికాటు సరస్సునకు సముద్రమునకు నడుమనున్న మన తెలుగుదీవి. రాకెట్టు కేంద్రమునకై అచ్చటి యానాదులు తమ అడవిని విడిచిపోయిరి. జాతీయ అంతరిక్ష దినమున వారిని దలచిన యుపన్యాసకుని మే మెఱుగము. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల గ్రామములవారికి అట్టి మఱపు పట్టకూడదు. వారు కొండవంటి త్యాగమునకు సిద్ధపడి తరము గడపిరి. ఇల్లు కట్టుకొనిన మునుగునని, కట్టుకొననిచో కూలునని, ఇరువైపుల భయముతో పిల్లల పెండ్లిండ్లు చేసిరి. నీరు నింపుటకు ముందు వారి ఋణము తీరవలెను. తీరినగాని నింపుటకు వీలులేదు. కావున వారి పరిహారము ఆలస్యమగుట మన నీరు ఆలస్యమగుటయే. కాలువ చివరి రైతు ముంపుగ్రామపు రైతుతో గలసి యడుగవలసిన ప్రశ్న యిది. ఇంతవఱకు వా రిరువురు వేఱువేఱుగా నడుగుచున్నారు.

మేము కోరునది గొప్ప విషయము గాదు. వెలిగొండ పనులలో మిగిలినవి యెవ్వి, ఒక్కొక్కదానికి గడువెప్పుడు, దాని కుత్తరవాది యగు అధికారి యెవరు, కిందటినెల అనుకొన్న దెంత, జరిగిన దెంత, తగ్గినచో కారణమేమి, పరిహారము ముట్టిన కుటుంబము లెన్ని, ముట్టనివి యెన్ని, ఈ సంగతులు నెలనెల ప్రకటింపబడవలెను. విజయవాడలో ఫైలునందు గాదు. మార్కాపురము, గిద్దలూరు, ఎఱ్ఱగొండపాలెము, కంభము మొదలగు ప్రతి మండల కార్యాలయమునందు, చదువ వచ్చినవాడు చదివి రానివానికి చెప్పునట్లుగా. ముందుగా గొట్టిపడియ కట్టపై నొక పలక నిలుపుడు. మార్కాపురపు రాయి యచ్చటికి దూరము గాదు, బలపమునకు కొఱత లేదు. ప్రతినెల మొదటితేదీన పాత అంకెలను తుడువక, వాని క్రిందనే క్రొత్తవి వ్రాయుడు.